ఏడో గుండీ

నా భార్య ఎవరి కోసం నవ్వుతోందో తెలుసుకోవడానికి నేను లిఫ్టు నెత్తి మీద కూచున్నాను. లిఫ్టు పెట్టె రెండో అంతస్తులో ఆగి ఉంది. దాని పైకప్పు మీద పనిముట్ల సంచీ, సంచీ పక్కన నేను, నా ముఖానికి ఎదురుగా మూడో అంతస్తు తలుపు. రెండు ఇనుప రేకులు కలిసేచోట చిటికెనవేలు పట్టేంత సందు ఉంది. అందులోంచి ఒక గీత వెలుతురు నా చొక్కా మీద పడి, జేబు దగ్గర విరిగి, మోకాలి మీదికి దిగుతోంది. అవతల నాలుగడుగుల వరండా, వరండా దాటితే వాళ్ళ గది. ఆ గదికి గడియ పెట్టరు. మొదటిసారి వచ్చినవాడు తలుపు కొట్టడానికి సిగ్గుపడి వెనక్కి పోతాడని జానెడు తెరిచే ఉంచుతారు. ఆ జానెడు చాలు నాకు. కింద వాచ్‌మన్ పక్కన 'మరమ్మతు జరుగుతోంది, మెట్లు వాడండి' అనే బోర్డు నిలబెట్టి, మీట తిప్పి, లిఫ్టుని నా చేతుల్లోకి తీసుకున్నాను. టైము ఐదూ ఆరు. ఆరింటికి వాళ్ళ మీటింగు అయిపోతుంది. యాభై నాలుగు నిమిషాలు. ఇరవై రెండేళ్ళుగా ఆగిపోయిన లిఫ్టుల్ని నడిపిస్తున్నాను, నడుస్తున్న లిఫ్టుని ఆపడం మాత్రం ఇదే మొదటిసారి.

లోపల కుర్చీలు జరుగుతున్నాయి, ఎవరో ఏదో అన్నారు, మగాళ్ళు నవ్వారు. ఆవిడ నవ్వు ఇంకా రాలేదు. వస్తే గుర్తుపడతాను, ఏడు నెలలుగా దాని వెంట పడి తిరుగుతున్నాను కదా. రోజూ పొద్దున్న ఆరింటికి వెనక బాల్కనీలో మొదలవుతుంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, చేతులు కట్టుకుని, గోడకి ఆనుకుని, గొంతు బాగా తగ్గించి మాట్లాడుతూ ఉంటుంది. నాకు గొణుగుడు తప్ప మాట అందదు. అంతలో ఉన్నట్టుండి పాలు పొంగినట్టు పొంగుతుంది ఆ నవ్వు. నేను స్టవ్ ముందు నిలబడి అసలు పాలు పొంగకుండా కాపలా కాస్తూ వింటాను. పెళ్ళైన కొత్తలో ఆ నవ్వు నాది. తర్వాత సీసాది. ఇప్పుడు ఫోన్లో ఉన్నవాడిది. ఇవాళ పొద్దున్న టీ పట్టుకెళ్తే, తర్వాత తర్వాత అన్నట్టు చెయ్యి ఊపింది, ఈగని తోలినట్టు. ఆ నంబరుకి పేరు కూడా లేదు, 'ఆరు' అని రాసుకుంది. ఆరు అంటే ఆరు గంటలా, ఆరడుగులా? ఒకరోజు ఆఫీసు ఫోను నుంచి ఆ నంబరుకి చేశాను. రెండు మోతలకే ఎత్తాడు. "చెప్పమ్మా," అన్నాడు. అంతే. బావిలోంచి వచ్చినట్టు లోతైన గొంతు, తొందరలేని గొంతు. ఎవరని కూడా అడగలేదు, చేసింది ఆడమనిషే అనుకున్నాడు, ఏడుస్తూ చేసి ఉంటుందనుకున్నాడు. పెట్టేశాను. రెండు వారాలపాటు ఆ 'చెప్పమ్మా' నా చెవిలో కాపురం పెట్టింది. పరాయివాడి పెళ్ళాన్ని తెల్లారగానే 'చెప్పమ్మా' అనే మగాడు ఏం చెప్పించుకుంటాడు? నాకు చెప్పనిది చెప్పించుకుంటాడు. అదీ నా కడుపుమంట. ఆవిణ్ణే అడిగాను. "అక్కడి మాటలు అక్కడే ఉండాలండీ, అది రూలు," అంది. "నేను కూడా పరాయివాడినేనా?" అన్నాను. "కాదు. అందుకే చెప్పలేను," అంది. ఎంత ఆలోచించినా ఆ జవాబుకి తలా తోకా దొరకలేదు నాకు.

తాగుడు మానేవాళ్ళ మీటింగని తప్ప, ఎక్కడో కూడా చెప్పలేదు. గురువారం, ఐదు నుంచి ఆరు, అంతే. మూడు వారాల కింద రెండు బస్సులు మారి ఆవిడ వెనకాలే వచ్చాను. బిల్డింగు చూడగానే నవ్వొచ్చింది, ఇక్కడి లిఫ్టు మా కంపెనీ చూసేదే, కాకపోతే నా రూటు కాదు, నా జతగాడిది. ఆ తొందర్లో ఒక అంతస్తు ముందే దిగిపోయాను. మూసిన తలుపు వెనక పాతికమంది ఒక్క గొంతుతో అంటున్నారు. "నేను వెళ్ళాను. నువ్వు వెళ్ళావు. ఆమె వెళ్ళింది." ఆహా, ఇదే, అందరూ కలిసి తప్పులు ఒప్పుకుంటున్నారు అనుకున్నాను. "నేను వెళ్తాను. నువ్వు వెళ్తావు. ఆమె వెళ్తుంది." ఎక్కడికి వెళ్తుంది, ఎవడితో వెళ్తుంది అని తలుపుకి చెవి ఆనించి పావుగంట నిలబడ్డాక తెలిసింది, అది మన భాష కొత్తగా నేర్చుకునేవాళ్ళ క్లాసని. వెనక నుంచి వాచ్‌మన్ మెల్లగా భుజం తట్టాడు. "పై అంతస్తు సార్. మొదటిసారి వచ్చేవాళ్ళంతా ఇక్కడే తప్పిపోతారు." "మొదటిసారి ఏంటి?" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, గొంతు తగ్గించి, "సిగ్గుపడకండి సార్. మీలాంటివాళ్ళు చాలామంది వస్తారు. పెద్దపెద్ద ఉద్యోగస్తులు కూడా," అన్నాడు. నాలాంటివాళ్ళా! జన్మలో చుక్క ముట్టినవాణ్ణి కాదు. దగ్గుమందు కూడా వాసన చూసి తాగుతాను. ఒళ్ళు మండిపోయి దిగి వచ్చేసి, జతగాణ్ణి బతిమాలి గురువారాలు మార్పించుకున్నాను. "ఆ డొక్కు లిఫ్టు మీద అంత మోజేంటి గురూ?" అన్నాడు వాడు. "తాళ్ళు చూడాలి," అన్నాను.

మెట్ల మీద ఎవరో ఎక్కుతున్నారు. మెట్టుకో మూలుగు. వరండాలోకి వచ్చి, సరిగ్గా నా సందు ముందే ఆగాడు. బూడిదరంగు ప్యాంటు, మోకాలిని రుద్దుకుంటున్న చెయ్యి, గోళ్ళ చుట్టూ సున్నం తిన్న చర్మం. "ఆ లిఫ్టువాడి దుంప తెగ," అన్నాడు నా ముఖం మీదే. అదే గొంతు. బావిలోని గొంతు. లోపల ఆవిడ చెప్పుల చప్పుడు, పరుగులాంటి నడక. "బాబాయ్! మూడంతస్తులూ ఎక్కి వచ్చావా? రావేమో అనుకున్నా." "రాకపోతే పొద్దున్న ఫోన్లో చీవాట్లు తినాలి కదమ్మా. ఈ మెట్లు కట్టినవాడెవడో గానీ ఒక్కటీ సమంగా లేదు. నేనైతే పడగొట్టి మళ్ళీ కట్టేవాణ్ణి." మేస్త్రీ! గోడలు కట్టే మేస్త్రీ. అరవై దాటినవాడు, మోకాళ్ళు అరిగినవాడు. నాకు ఊపిరి ఆడాలి కదా ఇప్పుడు? ఆడలేదు. ఇంకా మండింది. అందగాడైతే ఒక దారి, చొక్కా పట్టుకుని నిలదియ్యవచ్చు. ముసలాయనతో ఎవడు పోట్లాడతాడు? పైగా 'బాబాయ్'. పైగా 'నువ్వు'. వచ్చావా, అంది. పదహారేళ్ళుగా నన్ను మీరు, ఏవండీ అనే పిలుస్తోంది, అది గౌరవం అనుకుని మురిసిపోయాను. ఇప్పుడీ చీకట్లో నూనె కంపులో కూచుని వింటుంటే తెలుస్తోంది, 'వచ్చావా' అన్నదాన్లో ఉన్న చనువు 'వచ్చారా' అన్నదాన్లో ఎప్పుడూ లేదు. నన్ను గదిలోకి పిలిచి కూచోబెట్టి, తను వాకిట్లో నిలబడి మాట్లాడినట్టుండేది. చొక్కా చేతి మడతలో ఇంకా తెల్లపొడి ఉంది. దులిపాను. సందులోంచి వస్తున్న వెలుతురులో అది కాసేపు గాలిలో తేలింది.

పొడి సంగతి తర్వాత. లేదు, తర్వాత ఏముంది, రాత్రికల్లా ఆవిడ ఇల్లు చేరుతుంది, లేదా ఈపాటికే చూసి ఉంటుంది. ఆవిడ పని పళ్ళ సెట్లు చెయ్యడం. ల్యాబులో సగం, ఇంట్లో సగం. వెనక బాల్కనీలో బల్ల, బల్ల మీద ఎవరెవరివో నోళ్ళ అచ్చులు వరసగా నవ్వుతూ ఉంటాయి, బల్ల కింద ప్లాస్టర్ పొడి డబ్బా, మోకాలెత్తు ఉంటుంది. తాగే రోజుల్లో సీసాని ఆ పొడిలో పాతిపెట్టేది. ఆరేళ్ళ కిందట ఆవిడ గ్లాసు మీద తెల్లటి వేలిముద్రలు చూసి కనిపెట్టాను. కనిపెట్టి ఊరుకున్నాను. ఆవిడకి ఈనాటికీ తెలియదు నాకు తెలుసని. రోజూ ఆవిడ స్నానానికి వెళ్ళగానే సీసా పైకి తీసి, ఎంత ఖాళీ అయిందో చూసి, మళ్ళీ పాతి, పొడి చదును చేసేవాణ్ణి. సగం దిగి ఉంటే ఆ సాయంత్రం తొందరగా వచ్చి వంట చేసేవాణ్ణి. అడుగంటి ఉంటే బక్కెట్టు మంచం పక్కన పెట్టి, తల పట్టుకుని, మూతి తుడిచి, పొద్దున్నే ల్యాబుకి ఫోను చేసి జ్వరం అని చెప్పేవాణ్ణి. ఎంత కనిపెట్టుకుని ఉంటారండీ, మీకెలా తెలిసిపోతుంది అనేది. తెలిసిపోతుంది అంతే, అనేవాణ్ణి. మా తోడల్లుడు వాళ్ళింట్లో ఏ ఫంక్షనైనా నన్ను మధ్యలో కూచోబెట్టి, "నువ్వు కాబట్టి సరిపోయింది అన్నయ్యా, ఇంకొకడైతే ఎప్పుడో వదిలేసేవాడు," అనేవాళ్ళు. ఆవిడ తలొంచుకుని నా కంచంలో వడ్డించేది. ఒకసారి మత్తులో ఎర్రగొడుగు కొనుక్కొచ్చి, మర్నాడు "ఇదెవరిదండీ?" అని నన్నే అడిగింది. ఆ కథ నేను ఎన్నిసార్లు చెప్పానో, చెప్పిన ప్రతిసారీ అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు, ఆవిడ కూడా నవ్వేది, అది మాత్రం పాలు పొంగినట్టుండే నవ్వు కాదు. పోయిన నెల అదే ఇంట్లో అందరూ ఆవిడ చుట్టూ చేరారు. ఎలా మానేశావు, ఎంత ధైర్యం, మొహంలో కళ ఎంత వచ్చిందో చూడండి! నేను ఒక మూల సోఫాలో కూచుని ఎవరైనా నా వైపు చూస్తారేమో అని చూశాను. గొడుగు కథ ఎత్తుకున్నాను. ఎవరూ నవ్వలేదు. తోడల్లుడు నా భుజం మీద చెయ్యి వేసి, "ఇంక ఆ మాటలెందుకులే అన్నయ్యా," అన్నాడు.

అందుకని మొన్న, జీవితంలో మొదటిసారి, బ్రాందీ షాపు మెట్లెక్కాను. ఏ రకం కావాలంటే ఆవిడ తాగేదాని పేరు చెప్పాను. రెండు రోజులు పనిముట్ల సంచీలో తిప్పి, ఇవాళ పొద్దున్న టీ దగ్గర ఆవిడ చెయ్యి ఊపి స్నానానికి వెళ్ళిన పది నిమిషాల్లో తీసుకెళ్ళి ఆ డబ్బాలో, పాత చోటే, పాత లోతులోనే పాతాను. చదును చేశాను. పరీక్ష అనుకున్నాను. నిజంగా మారిందో లేదో తెలియాలి కదా, మొగుణ్ణి నాకు తెలియాలి కదా. పరీక్షే, ఇంకేం కాదు. అయితే పరీక్ష పెట్టినవాడు ఆఫీసుకి సెలవు చీటీ ముందే ఎందుకు రాసి జేబులో పెట్టుకున్నాడు? రేపటికి. భార్యకి జ్వరం అని. అది ఇప్పుడు జేబులో గరగరమంటోంది.

"నేను తాగుబోతుని. ఇవాళ తాగలేదు," అన్నారు లోపల ఎవరో. "ఇవాళ తాగలేదు," అన్నారు అందరూ. ఒకడు కొడుకు పెళ్ళి గురించి చెప్పాడు. ఇంకొకతను, వీళ్ళంతా టైలరన్న అంటున్నారు, ఎవరికో నెల నిండిందని సంచీకి గుండీ కుడుతున్నాడట. ఓహో, నువ్వేనా గుండీల మనిషివి! ఆవిడ భుజాన వేసుకునే సంచీ పట్టీ మీద నెలకొకటి మొలుస్తూ వచ్చాయి. తెల్లది, గోధుమరంగుది, ముత్యంలాంటిది, ఎర్రది, కోటుకుండే నల్లది, ఇత్తడిది. పోయిన వారం ఆకుపచ్చది. ఒక్కటీ ఇంకోదాంతో జతకాదు. ఎవరిచ్చారంటే స్నేహితులు అనేది. ఏడు నెలల్లో ఏడు గుండీలు. పదహారేళ్ళలో నేను కొన్న నగలు బీరువాలో ఉన్నాయి, ఆ పట్టీని మాత్రం పడుకునేటప్పుడు కూడా తలగడ పక్కన పెట్టుకుంటుంది. ఒక రాత్రి ఆవిడ నిద్రలో దాన్ని తడుముకోవడం చూశాను.

"చెప్పమ్మా," అన్నాడు మేస్త్రీ.

ఆవిడ వంతు. సందుకి చెవి ఆనించాను. ఇనుము చల్లగా తగిలింది. సంచీ జిప్పు చప్పుడు, తర్వాత బల్ల మీద ఏదో పెట్టిన చప్పుడు. అది గాజు. నిండుగా ఉన్న గాజు. ఆరేళ్ళు ఆ చప్పుడుతో బతికినవాణ్ణి, నాకు చూడక్కర్లేదు.

"మధ్యాహ్నం పొడి తీస్తుంటే చేతికి తగిలింది," అంది. "నా పాత చోట్లోనే. సీలు తియ్యలేదు."

"తాగలేదు కదా. మరింకేం?" అన్నాడు టైలరు.

"తాగలేదన్నయ్యా. కానీ కొన్నాను కదా. కొన్నట్టు నాకు గుర్తులేదు, దాచినట్టు గుర్తులేదు. ఆ చోటు ఈ భూమ్మీద నాకు తప్ప ఎవరికీ తెలియదు. మరి ఎవరు పెట్టినట్టు? పోయిన శనివారం జ్వరమొచ్చి మాత్ర వేసుకున్నాను, పొద్దుగూకేదాకా ఏం జరిగిందో తెలియదు. అప్పుడే వెళ్ళుంటాను. ఇదివరకు ఇలాగే ఒక గొడుగు కొన్నాను, ఎప్పుడు కొన్నానో ఇప్పటికీ తెలియదు. మళ్ళీ అలా మొదలైంది బాబాయ్. నా చేతులు నాకు తెలియకుండా పనులు చేస్తున్నాయి."

కాదు. శనివారం నువ్వు మంచం దిగలేదు. నీ నుదుటి మీద తడిగుడ్డ మార్చింది నేనే, ఐదుసార్లు మార్చాను. నువ్వు ఎక్కడికీ వెళ్ళలేదు.

"ఇంట్లో మీ ఆయన్ని అడిగావా?" అన్నాడు మేస్త్రీ.

"అడగలేను. అడిగితే ఆయన కోప్పడరు. మళ్ళీ ఆ మొహం పెడతారు. ఓర్పు మొహం. పర్వాలేదు, నేనున్నాను కదా అంటారు. అది నేను మళ్ళీ చూడలేను బాబాయ్. దానికంటే తాగడం తేలిక." ముక్కు చీదింది. "ల్యాబులో సెలవడిగాను. రేపు తాగుడు మాన్పించే వార్డులో చేరిపోతాను. మూడు నెలలంటే మూడు నెలలు."

వార్డు అనగానే నా గుండె ఎగిరి గంతేసింది. నిజం. ఎవరూ లేరు కదా ఇక్కడ, చీకట్లో ఒప్పుకుంటాను. సంతోషమే కలిగింది. పొద్దున్నే క్యారియరు కడతాను, పక్క మీద దుప్పటి సర్దుతాను, నర్సులు ఎంత మంచివారండీ మీరు అంటారు, తోడల్లుడు ఫోను చేసి నువ్వు కాబట్టి అన్నయ్యా అంటాడు, ఆరింటికి ఫోనుండదు, వార్డులో ఫోన్లు తీసేసుకుంటారు, నవ్వు ఉండదు, ఆవిడా నేనూ బక్కెట్టూ, మళ్ళీ మా ముగ్గురి కాపురం. ఆ సంతోషం ఎంత వేగంగా వచ్చిందంటే, దాన్ని చూసి నాకే ఒళ్ళు జలదరించి, పక్కనున్న ఇనుప తాడు గట్టిగా పట్టుకున్నాను. ఇన్నాళ్ళూ ఆ మేస్త్రీ మీద, ఆ గుండీల మీద అసూయ అనుకున్నాను. వాళ్ళ మీద కాదు. అక్కడ ముక్కు చీదుతున్న ఆ మనిషి మీదే. తనంతట తను లేచి నిలబడ్డందుకు.

"కత్తెర ఇవ్వన్నయ్యా."

"తొందరపడకు చెల్లెమ్మా."

"ఇవ్వు. అబద్ధపు గుండీలు మొయ్యలేను."

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టడానికి ఎవరు సిద్ధపడినా వాళ్ళు ఆపరట, అదీ రూలేనేమో. బిస్కెట్లు పెట్టిన స్టీలు ప్లేటు కాబోలు, అందులో టింగుమని పడింది. తెల్లది. మొదటి నెల, చేతులు వణికి అచ్చులు రెండు పగలగొట్టింది, ముక్కలు నేనే ఏరాను, పర్వాలేదు అన్నాను. టింగ్. గోధుమరంగుది. ఇప్పుడు లేచి వెళ్ళి చెప్తే ఏమవుతుంది? ఆ తోడల్లుడూ వాళ్ళావిడా, దేవుడులాంటి మనిషి అన్న నోళ్ళన్నీ ఏమంటాయి? చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. ఎప్పటికీ ఎవరికీ తెలియదు. గొడుగు కథకి జతగా సీసా కథ ఒకటి చేరుతుంది. టింగ్. ముత్యంలాంటిది. ఆవిడ తన చేతుల్ని తనే నమ్మదు ఇంక. బల్ల మీద సన్నటి చాకుతో మైనం చెక్కి ఎవరి నోటికో పన్ను సరిచేసే ఆ చేతుల్ని. టింగ్. ఎర్రది. ఐదూ నలభై. ఇంకో ఇరవై నిమిషాలు ఊపిరి బిగబట్టి కూచుంటే అందరూ దిగిపోతారు, నేను మీట తిప్పి, బోర్డు తీసేసి, ఇంటికెళ్ళి ఓర్పు మొహం పెట్టుకుని తలుపు తియ్యొచ్చు. టింగ్. నల్లది. పెద్దది కదా, పడ్డాక కూడా ప్లేట్లో చాలాసేపు తిరిగింది. ఆ మొహాన్ని అద్దంలో నేను ఎప్పుడూ చూడలేదు. అది ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. టింగ్. ఇత్తడిది.

కొక్కేనికి చెయ్యి వేశాను. తలుపు వెనక పైన ఉంటుంది, లోపలి నుంచి నెడితే బయటి రేకులు విడిపోతాయి, కళ్ళు మూసుకుని తియ్యగలను, ఇవాళ మాత్రం వేళ్ళు రెండుసార్లు జారాయి. గడగడమని రేకులు పక్కకి పోయాయి. వెలుతురు మొహాన కొట్టింది. లిఫ్టు లేని లిఫ్టు తలుపులోంచి, నూనె మరకల చొక్కాతో, మోకాళ్ళ మీద పాకుతూ వరండాలోకి ఎక్కాను. జానెడు తెరిచిన తలుపుని మొత్తం తెరిచాను. తొమ్మిదిమందో పదిమందో నా వైపు చూశారు. ఎవరో అలవాటుగా, ఎవరని కూడా అడక్కుండా, కాలితో ఒక ఖాళీ కుర్చీ నా వైపు జరిపారు. ఆవిడ కత్తెర ఆకుపచ్చ గుండీ దారం మీద ఆగి ఉంది.

"సీసా పెట్టింది నేను," అన్నాను. చేతి మడత విప్పి చూపించాను. తెల్లపొడి నేల మీద రాలింది. "మొన్న కొన్నాను. ఇవాళ పొద్దున్న నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు పెట్టాను. శనివారం నువ్వు మంచం దిగలేదు. నువ్వు ఏమీ చెయ్యలేదు."

ఆవిడ అరుస్తుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. నా చొక్కా మడతకేసి చూసింది, నేల మీది పొడికేసి చూసింది, అచ్చులో లోపం వెతికేటప్పుడు చూసే చూపు. మేస్త్రీ లేవబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ డబ్బా సంగతి మీకెప్పట్నుంచి తెలుసు?"

ఇది అడుగుతుందని నేను అనుకోలేదు. సీసా గురించి సిద్ధపడి వచ్చాను గానీ డబ్బా గురించి కాదు.

"ఆరేళ్ళు."

"ఆరేళ్ళు," అంది. ఆవిడ పెదాలు కదిలాయి, లోపలే ఏవో రోజులు ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటున్నట్టు. బక్కెట్టు రోజులు. తొందరగా వచ్చి వంట చేసిన సాయంత్రాలు. మీకెలా తెలిసిపోతుందండీ అన్న రోజులు. తర్వాత కత్తెర బల్ల మీద పెట్టి నా వైపు వీపు తిప్పింది. "అన్నయ్యా, సూదీ దారం ఉన్నాయా?"

"అవి లేకుండా టైలరు బయటికి వస్తాడా?" అన్నాడతను. "తెల్లదారం అయిపోయింది, నల్లది ఉంది."

"నల్లదే ఇవ్వు. కనపడనీ." నా వైపు చూడకుండానే నాతో అంది, "ముందు ఆ లిఫ్టు సంగతి చూడండి. బాబాయ్ మోకాళ్ళతో మెట్లు దిగలేడు."

ఆరింటికి లిఫ్టు మూడో అంతస్తుకి తెచ్చి, తలుపు పట్టుకుని నిలబడ్డాను. మేస్త్రీ ఒక్కడే ఎక్కాడు. పట్టుకోవడానికి కడ్డీ ఉంది, అయినా నా భుజం పట్టుకున్నాడు, బరువంతా వేసి. ఏడు నెలలు పగబట్టిన మనిషి నా భుజం మీద వేలాడుతున్నాడు, సిమెంటు వాసనేస్తూ. "ఏం అల్లుడుగారూ, నా మోకాళ్ళు ఏం పాపం చేశాయి?" అన్నాడు. గోడలో అంతస్తులు పైకి పోతున్నాయి. పక్కనే మెట్ల మీద ఆవిడ చెప్పుల చప్పుడు, లిఫ్టుతో సమానంగా. ఉండబట్టలేక అడిగాను. "పొద్దున్న ఫోన్లో... ఎందుకంత నవ్వుతుంది?" "చెప్పకూడదు బాబూ," అన్నాడు. తర్వాత, "నీ గురించైతే కాదులే," అన్నాడు. ఓదార్చడానికే అన్నాడు పాపం.

కింద తలుపు తెరిచేసరికి ఆవిడ మెట్ల దగ్గర నిలబడి ఉంది. భుజాన సంచీ, పట్టీ మీద ఏడు గుండీలు, వాటిలో ఆరు నల్లదారంతో కుట్టినవి. ఏడోదాని దారం మాత్రం పాతదే. మేస్త్రీకి చెయ్యి అందించింది. ఇంకో చేత్తో సంచీలోంచి సీసా తీసి నా చేతిలో పెట్టింది. "ఇది మీది," అంది. "నేను చెల్లివాళ్ళింటికి వెళ్తున్నాను. డబ్బా ఖాళీ చేసి పెట్టండి. అచ్చులు ముట్టుకోవద్దు." ఎప్పుడొస్తావని అడగడానికి నోరు తెరిచేలోపు ఇద్దరూ గేటు దాటారు. ముసలాయన ఏదో అన్నాడు. వీధి మలుపు దగ్గర, బస్సుల రొద మధ్య, నవ్వు వినపడిందా, లేక అనుకున్నానా, ఇప్పటికీ చెప్పలేను.

బోర్డు మడవడానికి వంగాను. చంకలో సీసా, మోకాళ్ళకి నూనె. వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి దగ్గరికొచ్చాడు, సీసాకేసి చూసి, ఎవరూ వినకుండా గొంతు తగ్గించాడు.

"పర్వాలేదు సార్. మీలాంటివాళ్ళు చాలామంది వస్తారు. మళ్ళీ గురువారం రండి. మంగళవారం కూడా ఉంటుంది, అది తాగేవాళ్ళకి కాదు, వాళ్ళ ఇంట్లోవాళ్ళకి. గది అదే, మూడో అంతస్తు."

సీసా ఆయన బల్ల మీద పెట్టాను. "మంగళవారం," అన్నాను, "ఎన్నింటికి?"